కొత్తగా మొక్కలు పెట్టిన ట్యాంక్‌కి ఏ ఎరువు? బెజవాడ, గుంటూరు నీళ్లకి ఏది నప్పుతుంది

చేపల ట్యాంక్ (అక్వేరియం) సెట్ చేసి, మొక్కలు నాటి, లైటు వేసిన మర్నాడే మొదలయ్యే ప్రశ్న ఇది. ఒక షాపాయన సీసా చేతిలో పెడతాడు, పక్క షాపాయన ట్యాబ్లెట్లు ఇస్తాడు, వీడియోల్లో ఒకరు ఆక్వాసాయిల్ (పోషకాలున్న ట్యాంక్ మట్టి గుళికలు) లేకపోతే అసలు మొక్కల జోలికే వెళ్లొద్దంటారు, గుంటూరు వైపు మిర్చి వేసే బాబాయి ఎవరైనా ఉంటే "అంత డబ్బు ఎందుకురా, మా డ్రిప్ మందు ఓ గుప్పెడు పట్టుకెళ్లు" అంటాడు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు, కాకపోతే వీళ్లలో ఒక్కరూ మీ ట్యాంక్ చూసి చెప్పట్లేదు. ఏ ఎరువు అన్నది మూడు సంగతులు చూసి తేల్చుకోవాలి: మీ మొక్కలు వేళ్లతో తింటాయా ఆకులతో తింటాయా, మీ లైటు ఎంత గట్టిది, మీ ఇంటికి వచ్చేవి ఏ నీళ్లు. బ్రాండు పేరు ఆ తర్వాతే.

నీళ్లతో మొదలుపెడదాం, ఎందుకంటే బయటి వాళ్లు రాసిన సలహాలు మన దగ్గర బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే. విజయవాడలోనూ గుంటూరులోనూ మున్సిపల్ కుళాయిలో వచ్చేది కృష్ణా నీళ్లు. అందులో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే ఆ గొడవ తీరిపోతుంది. బోరు నీళ్ల కథ వేరు: చాలాచోట్ల గట్టి నీళ్లు, పీహెచ్ ఏడున్నర నుంచి ఎనిమిది పైన కూడా ఉండొచ్చు, కాల్షియం బైకార్బొనేట్లు దండిగా ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో అయితే సంపులో రెండూ కలిసిపోతాయి కాబట్టి మీకు ఏవి వస్తున్నాయో మీకే తెలియదు. అందుకని ఎరువు కొనేముందు జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం కలిపి నీటి గట్టితనం), కేహెచ్ (బైకార్బొనేట్ల లెక్క) కొలిచే చుక్కల కిట్ ఒకటి కొనండి. టీడీఎస్ మీటరు ఒక్కటే సరిపోదు, అది మొత్తం లవణాలు ఎంతో చెబుతుంది తప్ప అందులో కాల్షియం ఎంత, ఉప్పు ఎంత అన్నది చెప్పదు. ఇక కొందరు ఇరవై లీటర్ల ఆర్వో టిన్నులతోనే ట్యాంక్ నింపేస్తారు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు, వాటితో ఎంత ఖరీదైన ఎరువు వేసినా కొత్త ఆకులు ముడుచుకుపోయి వస్తాయి. సగం టిన్ను, సగం కుళాయి కలిపితే చాలామందికి సరిపోతుంది.

ఎరువు ఎంచుకునేముందు తెలియాల్సింది ఇంకొకటి, మొదటి నెలలో మొక్కలు చూపించే డ్రామా. షాపులో కొన్న మొక్కల్లో చాలావరకు నర్సరీలో వేళ్లు తడిలో, ఆకులు గాల్లో పెట్టి పెంచినవి. వాటిని నీళ్లలో ముంచగానే గాల్లో వచ్చిన ఆకులు కుళ్లిపోయి, నీటికి తగ్గ కొత్త ఆకులు వేసుకుంటాయి. క్రిప్టోకొరైన్ అయితే మరీ, రాత్రికి రాత్రి కరిగి గుజ్జయిపోతుంది, వేరు మాత్రం బతికే ఉంటుంది. వరి నారు నాటాక మూన తిరగడానికి కొన్ని రోజులు పట్టినట్టే ఇదీనూ. అది చూసి "ఎరువు తక్కువైంది" అనుకుని సీసా బోర్లించేస్తారు చూడండి, పాచికి విందు అక్కడ మొదలవుతుంది. పాత ఆకులు కరిగినా మధ్యలో కొత్త చిగురు వస్తోందంటే మొక్క బాగున్నట్టే, కుళ్లిన ఆకులు కత్తిరించి తీసేయండి, లేకపోతే అవే నీళ్లలో అమ్మోనియా అవుతాయి.

సరే, ఇప్పుడు ఒక్కోటి చూద్దాం.

రూట్ ట్యాబ్‌లు. ఇసుకలో వేళ్ల దగ్గర పాతే బిళ్లలు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, వాలిస్‌నేరియా లాంటి వేళ్లతో తినే మొక్కలకి ఇంతకన్నా తేలికైన దారి లేదు. అడుగున మామూలు ఇసుకో, చిన్న గులకరాళ్లో వేసి ఉంటే అందులో తిండి ఏమీ ఉండదు కాబట్టి ఇవి నిజంగా పనికొస్తాయి. ఒక్కో బిళ్ల జానెడు దూరంలో, వీలైనంత లోతుగా పట్టకారుతో గుచ్చాలి, పైకి తేలితే ఆ ఎరువంతా నీళ్లలో కలుస్తుంది. రెండు మూడు నెలలకోసారి మళ్లీ పెట్టాలి. అనూబియాస్, జావా ఫెర్న్, బుసెఫలాండ్రా, మాస్ మాత్రమే ఉన్న ట్యాంక్‌కి ఇవి దండగ, అవి రాయికో దుంగకో అతుక్కుని నీళ్లలోంచి తింటాయి. ఇంకో మాట: క్యాప్సూల్‌లో డీఏపీ గుళికలు కూరి ఇంట్లోనే ట్యాబ్ చేసుకోమనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. డీఏపీలో ఉన్న నత్రజని మొత్తం అమ్మోనియం రూపమే, పైగా త్వరగా కరుగుతుంది. అమ్మోనియాని మార్చేసే బాక్టీరియా ఇంకా స్థిరపడని కొత్త ట్యాంక్‌లో చేపల ప్రాణం మీదికి వస్తుంది.

సీసాల్లో వచ్చే లిక్విడ్ ఎరువులు. ఇక్కడ జనం మోసపోయేది ధర దగ్గర కాదు, లేబుల్ దగ్గర. అన్ని సీసాలూ ఒకటే అనుకుంటారు. సీకెమ్ ఫ్లరిష్ తీసుకోండి, ఇనుము, మాంగనీస్ లాంటి సూక్ష్మపోషకాల కోసం అది మంచిదే, కానీ అందులో నత్రజని, భాస్వరం నామమాత్రమే. ట్రోపికాలో ప్రీమియం అన్నదాంట్లో నత్రజని, భాస్వరం ఉండవు, స్పెషలైజ్డ్ అన్నదాంట్లో ఉంటాయి. చేపలు బాగా ఉండి రోజూ మేత పడే ట్యాంక్‌కి ఇలా నత్రజని, భాస్వరం పెద్దగా లేని రకం సరిపోతుంది, ఎందుకంటే చేపల వ్యర్థాల్లోంచి నత్రజని, భాస్వరం వచ్చేస్తాయి, తగ్గేది పొటాషియం, ఇనుము. కొత్త ట్యాంక్‌లో చేపలే లేవు, లేదా నాలుగు గప్పీలే ఉన్నాయి అంటే ఆ సీసా ఎంత పోసినా మొక్కకి అన్నం పెట్టకుండా విటమిన్ బిళ్లలు ఇస్తున్నట్టే. అలాంటప్పుడు ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాషియం), సూక్ష్మపోషకాలు అన్నీ కలిసిన ఆల్ ఇన్ వన్ తీసుకోండి. సీసా వెనక నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం ఎంతెంతో రాయకుండా "ఆకుపచ్చదనం గ్యారంటీ" అని మాత్రమే రాసి ఉంటే ఆ సీసా అక్కడే వదిలేయండి.

లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మేది ఎరువుల పక్కనే పెడతారు గానీ అది ఈ లెక్కలోకి రాదు. గ్లుటరాల్డిహైడ్ జాతి మందు అది, పాచిని అణచడానికి పనికొస్తుంది, వాలిస్‌నేరియా మీద పడితే ఆకులు కరిగిపోతాయి. కొత్త ట్యాంక్‌లో మొదటి నెల దాని అవసరం లేదు.

ఆక్వాసాయిల్. చూడ్డానికి బాగుంటుంది, పెంపకం కూడా బాగుంటుంది, ఆ మాట కాదనలేం. కాల్చిన మట్టి గుళికల్లోనే పోషకాలు ఉంటాయి, పీహెచ్‌ని, కేహెచ్‌ని కిందికి లాగుతుంది, అడుగంతా తివాచీలా పరుచుకునే కార్పెట్ మొక్కల సన్నని వేళ్లకి సులువుగా పట్టు దొరుకుతుంది. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ పెట్టి, గట్టి లైటు పెట్టి, ఎర్ర మొక్కలు, కార్పెట్ పెంచాలనుకుంటే దీనికి పోటీ లేదు. కానీ బోరు నీళ్లతో దీన్ని వాడటం డబ్బు నీళ్లపాలు చేయడమే. గట్టి నీళ్లలోని కార్బొనేట్లని పీల్చుకుని పీల్చుకుని దాని పీహెచ్ తగ్గించే శక్తి త్వరగా అయిపోతుంది, వారం వారం నీళ్లు మార్చే కొద్దీ ఇంకా త్వరగా.

అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. చాలా ఆక్వాసాయిల్స్ మొదటి కొన్ని వారాలు నీళ్లలోకి అమ్మోనియా వదులుతాయి. అమ్మోనియా ఎంత విషం అన్నది పీహెచ్, వేడి రెండింటి మీదా ఆధారపడుతుంది: పీహెచ్ 7, నీటి వేడి 25 డిగ్రీలు ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు, అదే పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలు అయితే ఏడు శాతం దాటుతుంది. ఏప్రిల్‌లో బెజవాడలో బోరు నీళ్లతో ట్యాంక్ పెడితే మీరున్నది సరిగ్గా ఈ రెండో లెక్కలో. కాబట్టి ఆక్వాసాయిల్ వేస్తే మొదటి వారం రోజు విడిచి రోజు సగం నీళ్లు మార్చండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు, చేపలు వద్దు. ఈ కాలంలో నత్రజని ఉన్న లిక్విడ్ వేయనక్కర్లేదు, మట్టిలోంచి కావాల్సినంత వస్తోంది. మరీ అనుకుంటే కాస్త పొటాషియం, సూక్ష్మపోషకాలు చాలు.

పొలం మట్టి వేసి పైన ఇసుక కప్పే పద్ధతి ఉంది, వాల్‌స్టాడ్ పద్ధతి అంటారు. ఖర్చు దాదాపు సున్నా. మన నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి పోషకాలని పట్టి ఉంచే గుణం బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ మాట నిజం. ఇబ్బంది ఎక్కడంటే, నల్లరేగడిలో సున్నపు కంకర తరచూ ఉంటుంది, అది నీళ్లని ఇంకా గట్టిగా చేస్తుంది. రెండోది, పత్తి, మిర్చి పొలాల మట్టిలో ఏ పురుగుమందు అవశేషం ఉందో ఎవరికీ తెలియదు, రొయ్యపిల్లలు పెంచే ఉద్దేశం ఉంటే ఆ మట్టి ముట్టుకోవద్దు. ఎరువు, మందు పడని ఇంటి పెరటి మట్టి అయితే కంకర, వేళ్లు ఏరి, జల్లించి, అంగుళం మందాన వేసి పైన అంగుళంన్నర కడిగిన ఇసుక కప్పండి. వర్మీకంపోస్ట్ కలపాలనిపిస్తుంది, గుప్పెడుకి మించొద్దు, ఎక్కువైతే కింద కుళ్లి బుడగలు, కంపు వస్తాయి. మొక్కని ఒకసారి నాటాక పీకి మళ్లీ నాటే అలవాటు ఉన్నవాళ్లకి ఈ పద్ధతి అస్సలు పడదు, పీకిన ప్రతిసారీ ట్యాంక్ అంతా కాలవ నీళ్లలా అవుతుంది.

ఇక పొడి లవణాలు, బాబాయి చెప్పిన డ్రిప్ మందు. గుంటూరులో ఉండి దీన్ని వాడుకోకపోవడం నా దృష్టిలో అన్యాయం, వేరే ఊళ్లలో ఆన్‌లైన్‌లో చిన్న ప్యాకెట్లలో కొనేది మనకి పట్నంబజారులో ఎరువుల కొట్లో కిలో ప్యాకెట్ దొరుకుతుంది. "ఎన్ని ఎకరాలకి బాబూ?" అని అడుగుతారు, రెండడుగుల అద్దాల పెట్టెకి అని చెబితే నవ్వుతారు, అంతే. కానీ ఏది కొంటున్నారో ప్యాకెట్ మీది అంకెలు (వరసగా నత్రజని, భాస్వరం, పొటాషియం) చూసి కొనాలి. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, అందులో నత్రజని మొత్తం నైట్రేట్ రూపంలో ఉంటుంది, చేపలకి మన మోతాదులో ఇబ్బంది లేదు. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, భాస్వరం కోసం. 0-0-50 పొటాషియం సల్ఫేట్. మెగ్నీషియం సల్ఫేట్ కూడా అక్కడే దొరుకుతుంది. వద్దన్నవి: 19-19-19, యూరియా, డీఏపీ. పంతొమ్మిది మూడుసార్లు ఉంది, సమతూకం బాగుంది అనిపిస్తుంది, కానీ అందులో నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియం రూపాల్లోనే ఉంటుంది. కొత్త ట్యాంక్‌లో అది వేయడమంటే చేతులారా అమ్మోనియా పోయడమే. ఆక్వా మందుల షాపుల్లో రొయ్యల చెరువులకి అమ్మే మినరల్ మిక్స్ కూడా వద్దు, ఎకరం చెరువు లెక్కకి తయారైన సరుకు అది, మన అరవై లీటర్లకి కాదు.

లెక్క ఎలాగంటే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్‌లో అంచు దాకా నింపితే 57 లీటర్లు పడతాయి, ఇసుక, రాళ్లు పోగా 50 లీటర్ల లోపే అనుకోండి. 50 గ్రాముల 13-0-45, 5 గ్రాముల 0-52-34 కలిపి అర లీటరు ఆర్వో నీళ్లలో కరిగించండి. అందులో 10 మిల్లీలీటర్లు వేస్తే ఒక గ్రాము పొటాషియం నైట్రేట్ పడినట్టు, 50 లీటర్లకి నైట్రేట్ సుమారు 12 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ 1.4 పీపీఎం పెరుగుతాయి, పొటాషియం ఓ 8 దాకా వస్తుంది. సీఓటూ లేని కొత్త ట్యాంక్‌కి మొదట్లో వారానికి అందులో పావు వంతు, అంటే రెండున్నర మిల్లీలీటర్లు చాలు. సూక్ష్మపోషకాల సీసా మాత్రం వేరేగా ఉంచాలి, ఒకే రోజు వేయకపోతే ఇంకా మంచిది, ఎందుకంటే ఫాస్ఫేట్‌తో ఇనుము కలిస్తే గడ్డకట్టి అడుక్కి పోతుంది, మొక్కకి అందదు. తూకానికి గ్రాములో వందో వంతు చూపే చిన్న నగల కాటా ఉంటే చాలు, చెంచా లెక్కలు వద్దు.

ఇనుము దగ్గర మన బోరు నీళ్లు మళ్లీ అడ్డొస్తాయి. ఎరువుల కొట్లో ఎక్కువగా దొరికేది ఈడీటీఏ అనే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము, పీహెచ్ ఆరున్నర దాటాక అది నిలవదు. డీటీపీఏ రూపం ఏడున్నర దాకా నెట్టుకొస్తుంది. ఈడీడీహెచ్ఏ అంతకుమించి కూడా నిలుస్తుంది కానీ నీళ్లని ఎర్రగా చేస్తుంది, ఇంట్లో వాళ్లు "ట్యాంక్‌లో రక్తం ఏంట్రా" అని కంగారు పడే స్థాయిలో. గట్టి నీళ్లవాళ్లు డీటీపీఏ ఉన్న మిక్స్ వెతుక్కుని, ఒకేసారి కాకుండా వారంలో రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా వేసుకోవడం మేలు. రొయ్యలు ఉంటే మిక్స్‌లో రాగి ఎంతుందో చూసి, మోతాదు సగానికి తగ్గించి మొదలుపెట్టండి.

మరి మీకు ఏది? రెండడుగుల ట్యాంక్, మామూలు ఎల్ఈడీ, సీఓటూ లేదు, క్రిప్టో, వాలిస్‌నేరియా, రెండు అనూబియాస్, ఇదే మన ఊళ్లలో నూటికి తొంభై మంది కథ. వీళ్లకి ఇసుక, వేళ్ల మొక్కల కింద రూట్ ట్యాబ్‌లు, మొదటి వారం గడిచాక లేబుల్ మీద రాసిన మోతాదులో పావు వంతు ఆల్ ఇన్ వన్ లిక్విడ్, అంతే. ఆక్వాసాయిల్ అక్కర్లేదు, పొడి లవణాల కాటాలు, లెక్కలు అక్కర్లేదు, ఒక సీసా నెలల తరబడి వస్తుంది. బోరు నీళ్లే గతి అయితే వాలిస్‌నేరియా ఎక్కువ పెట్టుకోండి, అది బైకార్బొనేట్‌లోంచి కూడా కార్బన్ తీసుకోగలదు, గట్టి నీళ్లలో కుదురుగా పెరుగుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంక్, అంటే 250 లీటర్ల పైన, లేదా ఇంట్లో మూడు నాలుగు ట్యాంకులు ఉన్నవాళ్లు పొడి లవణాలకే వెళ్లాలి, ఆ సైజుకి సీసాలు కొంటూ పోతే జేబు ఖాళీ. కార్పెట్, ఎర్ర మొక్కలు, సీఓటూ అంటే ఆక్వాసాయిల్, మెత్తటి నీళ్లు, వారం వారం సగం నీళ్లు మార్చే ఓపిక మూడూ ఉండాలి, ఒక్కటి లేకపోయినా మొదలుపెట్టకండి. ఇరవై లీటర్ల నానో ట్యాంక్‌లో మాస్, అనూబియాస్, పది చిన్న చేపలు ఉన్నాయంటే రోజూ వేసే మేతే ముప్పావు ఎరువు, నెలకి రెండుసార్లు సూక్ష్మపోషకాల చుక్కలు పడితే చాలు.

ఏది ఎంచుకున్నా మొదటి నెల లైటు ఆరు గంటలకి మించొద్దు. ఎరువు ఎక్కువై పాచి వచ్చిందని అందరూ సీసాని తిడతారు గానీ, కొత్త ట్యాంక్‌లో పాచికి అసలు కారణం చాలాసార్లు పన్నెండు గంటలు వెలిగే లైటే. రెండు మూడు వారాల్లో అద్దాలకి గోధుమరంగు పొడిలా పట్టేది డయాటమ్, అది మామూలే, తుడిస్తే పోతుంది, ఎరువు ఆపక్కర్లేదు. మోతాదు పెంచాలా వద్దా అన్నది ఆకులే చెబుతాయి: పాత ఆకులు పసుపైతే నత్రజని చాలట్లేదు, పాత ఆకులకి గుండుసూది గుచ్చినట్టు బొక్కలు పడితే పొటాషియం, కొత్త చిగురే తెల్లబారి వస్తుంటే ఇనుము. ఇవన్నీ మొదటి నెల దాటాక, కొత్తగా వచ్చిన ఆకుల మీద చూడాలి, షాపు నుంచి తెచ్చిన ఆకుల మీద కాదు.

ఏప్రిల్, మే నెలల్లో కొత్త ట్యాంక్ పెట్టకుండా ఉండగలిగితే ఉండండి. నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి, 32కి చేరితే ఏడు చిల్లరకి పడిపోతుంది, మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే బాక్టీరియాకీ చేపలకీ కలిపి అది చాలదు. అప్పటికే ట్యాంక్ ఉంటే ఆ రెండు నెలలు ఎరువు సగానికి తగ్గించి, ఎయిర్ పంప్ అదనంగా పెట్టండి.

పొడి లవణాలు కొన్నవాళ్లకి ఒక మాట. రెండడుగుల ట్యాంక్‌కి వారానికి గ్రాము చొప్పున వాడినా కిలో ప్యాకెట్ పంతొమ్మిదేళ్లు వస్తుంది, కాబట్టి నలుగురు కలిసి ఒక ప్యాకెట్ కొని పంచుకోండి. పొటాషియం నైట్రేట్ మంటని రగిలించే పదార్థం, వంటింట్లో, అగరబత్తి దగ్గర పెట్టొద్దు, ఉప్పు డబ్బా లాంటి డబ్బాలో అసలే పోయొద్దు, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా మీద పేరు రాసి పిల్లలకి అందని చోట పెట్టండి. వానాకాలంలో గాలి తగిలితే పొడి తేమ లాగి గడ్డకడుతుంది, ఎండలో ఆరబెట్టి వాడుకోవచ్చు. కలిపిన సూక్ష్మపోషకాల సీసా మాత్రం ఫ్రిజ్‌లో కాకపోయినా చీకట్లో ఉంచండి, వెలుతురు తగిలితే ఇనుము పాడవుతుంది, పైన తెల్లటి బూజు కనిపిస్తే పారబోసి మళ్లీ కొద్దిగా కలుపుకోండి.